మౌఢ్యమిలో జనరేటరు

ఆ ఎండాకాలం ప్రొద్దుటూరులో అద్దెకు ఒక్క జనరేటరు దొరకలేదు. ఎన్నికల యేడు కదా, ఉన్నవాటినన్నింటినీ సభలకూ ఊరేగింపులకూ పార్టీలవాళ్ళు ముందే మాట్లాడేసుకున్నారు. జమ్మలమడుగుకు ఫోన్ చేస్తే పోలింగు అయిపోయాక రమ్మన్నారు. పులివెందుల టెంట్‌హౌస్ ఆయనైతే నవ్వాడు. "ఇంటికి జనరేటరు ఏందమ్మా, పెండ్లేమన్నా ఉందా?" అని అడిగాడు. పెళ్ళి కాదు, మా అమ్మ ఇంటికి వస్తోందని చెప్పాను.

మా అమ్మ మీనాక్షికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. శివరాత్రి వెళ్ళినప్పటి నుంచీ కడపలో ఆస్పత్రిలోనే ఉంది. ప్రాణభయం తప్పింది కానీ, పగలూ రాత్రీ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉండాలి. గాలిలోంచి ఆక్సిజన్ తీసి అందించే మిషను ఒకటి ఇంట్లో పెట్టుకుంటే చాలు, ఆస్పత్రితో పనిలేదు అన్నాడు డాక్టరు. ఆ మాటకు నేను ఎగిరి గంతేసేలోపు, మీ వీధిలో కరెంటు ఎలా ఉంటుందని అడిగాడు.

బాగానే ఉంటుందని నేను చెప్పబోయాను. అమ్మే మంచం మీంచి అందుకుంది. "పోతానే ఉంటాది సార్. మా ఈధి ట్రాన్స్‌ఫార్మర్‌కు నాకంటే ఎక్కువ ఆయాసం."

డాక్టరు నవ్వాడు కానీ మెత్తబడలేదు. ఇన్వర్టరు గంటో రెండు గంటలో ఆదుకుంటుంది, ఆ తర్వాత ఏం చేస్తారు, జనరేటరు పెట్టించండి, అప్పుడు పంపిస్తాను అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆవకాయ రోజులు దాటకముందే ఇంట్లో ఉండాలని, అది ఒక్కటే కోరింది.

నేను బడిలో ఫిజిక్స్ చెబుతాను. మా ఇంట్లో మిక్సీ ఆగినా ఫ్యాను మూలిగినా స్క్రూడ్రైవరు పట్టుకునేది నేనే. పైగా సెలవులు. ఇంజను కొనడానికి ఇంతకంటే మంచి కారణం జన్మలో దొరకదు. ఆ ఉత్సాహంలో కడప నుంచి వచ్చే బస్సులోనే పెట్రోలా, డీజిలా అని ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. నన్ను ఎవరు ఆపుతారులే అనుకున్నాను. నాన్న ఆపాడు.

నాన్న పేరు జనార్దనం. పురోహితుడు, మా వీధి గుడిలో పూజ కూడా ఆయనదే. మా వైపు ఎవరు బోరు వేయాలన్నా, కొత్త బండి ఇంటికి తేవాలన్నా ముందు ఆయన దగ్గరికే వస్తారు. ఆ యేడు శుక్ర మౌఢ్యమి సరిగ్గా ఎండాకాలం మీదే వచ్చి పడింది. శుక్రుడు సూర్యుడి వెలుగులో కలిసిపోయి కనబడకుండా ఉండే ఆ రోజుల్లో కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదు. అది పోతే ఆషాఢం. శ్రావణం దాకా మంచి రోజన్నది లేదు, కాబట్టి నాన్నకు ఒక్క పెళ్ళీ లేదు. ఖాళీగా కూర్చుని, అడగవచ్చిన వాళ్ళందరికీ ఆగండి, ఆగండి అని చెప్పి పంపుతున్నాడు.

అట్లా ఆగినవాళ్ళలో ఎదురింటి ఆదినారాయణ ఒకడు. రాజుపాలెం దగ్గర వ్యవసాయం. మా ఎదురుగా చక్కని మిద్దె కట్టాడు. రంగులయ్యేసరికి మౌఢ్యమి వచ్చింది. కట్టుబడి పనప్పుడు పక్కన వేసుకున్న రేకుల షెడ్డులోనే అందరూ ఉంటున్నారు. వాళ్ళమ్మ వెంకటరమణమ్మకు పెద్ద వయసు. రేకుల కింద అమ్మ ఉడికిపోతాంది సామీ, ఊరికే పాలు పొంగించుకొని చేరేదా అని ఆదినారాయణ వచ్చినప్పుడల్లా అడిగాడు. నాన్న పంచాంగం విప్పి ప్రతిసారీ అదే మాట చెప్పాడు. ఆదినారాయణ ఎదురు మాట్లాడే మనిషి కాదు. కొత్త ఇంటికి తాళం వేసి షెడ్డులోకి వెళ్ళిపోయేవాడు.

"ఆయప్పకు అట్ల చెప్పి, మనింట్లో కొత్త ఇంజను మోగిస్తే ఏం బాగుంటాదే?" అన్నాడు నాన్న.

అయితే అమ్మను శ్రావణం దాకా కడపలోనే ఉంచుదామా అని గొంతు పెంచాను. నాన్న పంచాంగం తీసుకొని లేచి వెళ్ళాడు. మర్నాడు పూజ ముగించి వచ్చేటప్పటికి ఆయన ముఖం వెలిగిపోతోంది. పాత వస్తువుకు మౌఢ్యమి అంటదట. ఎవరో ఎప్పుడో మంచి రోజున మొదలుపెట్టే ఉంటారు, మనం దాన్ని కొనసాగించినట్టే అవుతుందట. శాస్త్రంలో ఇంత మంచి సందులుంటాయని నాకు ముందే తెలిసుంటే చిన్నప్పుడు ఏకాదశి నాడు అంత ఆకలితో ఉండేదాన్ని కాదు.

వెంటనే పులివెందుల వెళ్ళాం. మా వీధివాళ్ళ మోటార్లన్నీ బాగుచేసే గఫూర్‌ను వెంటబెట్టుకున్నాం. ఒక అరటితోట ఆసామి దగ్గర పాత డీజిల్ జనరేటరు ఉందని ఆయనే చెప్పాడు. తోట షెడ్డులో దాన్ని చూశాం. లారీలోంచి ఊడదీసి పెట్టినట్టుంది. ఆసామి హ్యాండిల్ వేసి తిప్పాడు. నేల అదిరింది, కాకులన్నీ లేచిపోయాయి, గొట్టంలోంచి నల్లటి పొగ ఒక్కసారిగా నాన్న మీదికి వచ్చింది. ఆసామి ఏదో ధర చెబుతున్నాడు, ఎవరికీ వినబడలేదు. ఆపేశాక చూస్తే నాన్న తెల్లపంచె నిండా మసి చుక్కలు.

గఫూర్ నవ్వు ఆపుకుంటూ, "సామీ, ఇది అమ్మకు ఊపిరి పోసే మిషను గాదు, తీసేది" అన్నాడు.

నాన్న తన పంచె వైపు చాలాసేపు చూసుకున్నాడు. కొత్తదే కొందాం పదండి అన్నాడు. నాకు ఆ మసికి దండం పెట్టాలనిపించింది.

ప్రొద్దుటూరు వచ్చి దుకాణంలో అడుగుపెట్టాక ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. ఆక్సిజన్ మిషను, ఒక ఫ్యాను, ఒక లైటు, ఫ్రిజ్ కలిసి ఎంత లాగుతాయో ముందే లెక్క వేసుకున్నాను. అన్నీ ఒక్కసారి మొదలైతే ఎంత కావాలి, పొగ ఏ వైపు వస్తుంది, వోల్టేజి ఊగితే అమ్మ మిషను తట్టుకుంటుందా అని ఒక్కొక్కటీ అడిగాను. దుకాణం ఆయన చివరికి, పక్కన పోటీ షాపు ఏమన్నా పెడుతున్నావా తల్లీ అన్నాడు. నేను ఎంచుకున్నది ఎర్రటి పెట్రోలు జనరేటరు. పెద్ద ట్రంకుపెట్టె అంత ఉంది. తాడు పట్టి లాగితే మొదలవుతుంది. ఏసీ కూడా నడిపే పెద్దదాని వైపు మాత్రం మనసు పోనివ్వలేదు.

మౌఢ్యమికి నాన్న మళ్ళీ ఒక మార్గం చూశాడు. బిల్లు గఫూర్ పేరు మీద రాయించాడు. గఫూర్‌కు అభ్యంతరం లేదు. "మాకు శుక్రుడు లేడు సామీ, శుక్రవారమే" అన్నాడు.

అమర్చిన రోజు నాకు పండగే. జనరేటరుకు నిప్పు సంబంధం కాబట్టి ఆగ్నేయంలోనే ఉండాలని నాన్న. మనుషులుండే గదులకు దూరంగా, పొగ బయటికి పోయేలా ఉండాలని గఫూర్. మా పుణ్యం కొద్దీ ఆగ్నేయం పెరటి చివరనే ఉంది. అమ్మ గది ఇంటికి ఆ మూల నుంచి ఈ మూల, వాయవ్యంలో. ఊపిరి కష్టమైన మనిషికి గాలి మూల కంటే మంచి చోటు ఏముంటుందని నాన్న మురిసిపోయాడు. సిమెంటు దిమ్మె కట్టించాం. పైన రేకు వేయించాం. నేలలోకి ఎర్తు కడ్డీ దిగింది. పెరటి నుంచి హాలు దాకా లావాటి తీగ వచ్చింది. హాల్లో గోడకు ఒక స్విచ్చు బిగించాడు గఫూర్. పైకి వేస్తే వీధి కరెంటు, కిందికి వేస్తే జనరేటరు. ఆ పిడిని నేను పైకీ కిందికీ ఎన్నిసార్లు వేశానో. పాత ఇంట్లో తీగలు లాగడం మరమ్మతు కిందికి వస్తుంది కాబట్టి దానికీ మౌఢ్యమి లేదు. పెట్రోలు పోసి పెట్టడం కూడా ప్రారంభం కాదని నాన్న ఒప్పుకున్నాడు.

గఫూర్ చేతులు తుడుచుకొని, చూద్దామా పాపా అన్నాడు. నేను తాడు దగ్గరికి వెళ్ళాను. నాన్న అడ్డం వచ్చాడు. కొనడం వేరట, మోగించడం వేరట. శ్రావణంలో మంచి రోజు చూసి పూజ చేసి మోగించాలట. అంతవరకు ఇన్వర్టరు ఉంది కదా అన్నాడు. పసుపు గుడ్డ తెచ్చి మిషను మీద కప్పేశాడు. నా కోపం చూసి గఫూర్, మోగించే రోజు పిలిస్తే వచ్చి మిగతావన్నీ చూసి ఇస్తానని చెప్పి సంచీ సర్దుకొని వెళ్ళిపోయాడు.

నేను ఊరుకోలేదు. వీధి జనం ఏమనుకుంటారోనని నీ భయం, అందరినీ ఆపి నువ్వు మోగిస్తే చప్పుడు ఎదురింటికి వినబడుతుందని నీ భయం అన్నాను. నాన్న గుడ్డ అంచు సర్దుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఈధితో నాకేం పని కౌమూ. ఇది మీయమ్మ ఊపిరి కోసం మొదలుపెట్టేది. చెడ్డ కాలంలో మొదలుపెట్టి, ఆమెకేమన్నా ఐతే నేను ఎవుర్ని అడగల్ల?"

 పెళ్ళయినప్పటి నుంచీ అమ్మను పేరు పెట్టి కూడా పిలవని మనిషి. ఆ పసుపు గుడ్డ కింద ఆయన దాచిపెట్టింది భయమని అప్పుడే తెలిసింది. తెలిసినా కోపం మొత్తం పోలేదు.

డాక్టరుకు ఫోటోలు పంపాను. దిమ్మె, మిషను, స్విచ్చు అన్నీ కనబడేలా తీశాను. పసుపు గుడ్డ తీసేసి తీశాను. బాగుంది, తీసుకుపోండి అన్నాడు.

అమ్మ వచ్చిన రోజు వీధంతా గడపల్లో నిలబడింది. అంబులెన్సు దిగుతూనే అమ్మ ఇంటిని కింది నుంచి పైదాకా చూసి, గుమ్మానికి పసుపు ఎవరు రాశారు, ఇంత పలచగానా అంది. నేను రాశాను. ఆ తిట్టు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. గాలి మూలలో మంచం, పక్కన గుర్రుమంటూ ఆక్సిజన్ మిషను. మర్నాటికే ఆవకాయకు హుకుం జారీ అయింది. ఆవపొడి ఘాటు అమ్మకు తగలకూడదు కాబట్టి కలపడమంతా ఎదురింటి షెడ్డు ముందు, వెంకటరమణమ్మ చేతుల మీదుగా జరిగింది. అమ్మ కిటికీలోంచి చూస్తూ, ఫోన్లో నాకు ఉప్పు, కారం చెబుతుంటే నేను అరిచి అవ్వకు చెప్పేదాన్ని. నూనె పోశాక అవ్వ గోడ పట్టుకుంటూ అమ్మను చూడవచ్చింది. ఫ్యాను కింద కూర్చుని, చెంగుతో మెడ తుడుచుకొని, "మీ ఇల్లు సల్లగుంది తల్లీ" అంది. గుమ్మంలో ఉన్న నాన్న ఆ మాట విని లోపలికి రాకుండా వెనక్కి తిరిగాడు.

ట్రాన్స్‌ఫార్మర్ ఒక మంగళవారం మధ్యాహ్నం కాలిపోయింది. పెద్ద చప్పుడు, తర్వాత వీధి చివర పొగ. కొత్తది రావాలి, సాయంత్రం దాటుతుందని లైన్‌మన్ చెప్పాడు. ఇన్వర్టరు అందుకుంది. ఫ్యానులన్నీ ఆపేసి అమ్మ మిషను ఒక్కటే నడిపాం. అయినా పాత బ్యాటరీ ఎంతని లాగుతుంది? మూడు దాటేసరికి కీచు కీచుమని అరవడం మొదలుపెట్టింది. చిన్న సిలిండరు ఒకటి ఉంది. అది ఆస్పత్రికి చేరేదాకా సరిపోయేంతే. అంబులెన్సుకు చెప్పనా అని అడిగాను.

అమ్మ గొంతు పెంచలేకపోయింది. "మల్లా ఆడికి పోనండీ" అంది నాన్నతో. "పోతే మల్లా రానేమో అనిపిస్తాంది."

నాన్న గోడ గడియారం వైపు చూశాడు. నేనూ చూశాను. మౌఢ్యమి, మంగళవారం, రాహుకాలం, మూడూ ఒకచోట కూడాయి. పెద్ద శత్రువు ముహూర్తం పెట్టినా ఇంత చెడ్డది దొరకదు. నాన్న ఉత్తరీయం తీసి నడుముకు బిగించాడు. పెరట్లోకి నడిచి పసుపు గుడ్డ లాగేశాడు.

తాడు లాగాడు. దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ అంతే. పెట్రోలు ఉంది, అన్నీ తిప్పి చూశాను, ఎర్ర లైటు ఒకటి మినుకుమంటోంది. గఫూర్‌కు ఫోన్ చేశాను. ఆయన జమ్మలమడుగులో బామ్మర్ది పెళ్ళిలో ఉన్నాడు. మౌఢ్యమి లేనివాళ్ళకు పెళ్ళిళ్ళు ఉంటాయి కదా. మేళం చప్పుడులో ఆయన ఒకటే మాట అరిచాడు, ఇంజన్ ఆయిల్ పోయలేదు పాపా అని. కొత్త మిషను ఆయిల్ లేకుండానే వస్తుంది. మోగించే రోజు పోద్దామని ఆయన ఉంచేశాడు. ఆయిల్ లేకపోతే అది మొండికేస్తుంది. బండికి పోసే ఆయిల్ ఏదైనా సరే, పోసి లాగమన్నాడు.

మా స్కూటరు ఆయిల్ షాపులోనే మార్పిస్తాం, ఇంట్లో చుక్క లేదు. పరిగెత్తుకుంటూ ఎదురింటికి వెళ్ళాను. షెడ్డులోకి తల పెట్టగానే వేడి ముఖాన కొట్టింది. రేకుల కింద నులక మంచం మీద వెంకటరమణమ్మ తడిగుడ్డ కప్పుకొని పడుకొని ఉంది. కోడలు విసనకర్రతో విసురుతోంది. నన్ను చూసి అవ్వ, "మీయమ్మకు ఎట్లుంది?" అని అడిగింది. ఆ పక్కనే కిటికీలకు కొత్త అద్దాలతో మిద్దె, దాని తలుపుకు తాళం. ఇంజన్ ఆయిల్ కావాలని ఎట్లాగో చెప్పాను. ఆదినారాయణ దగ్గర మందు కొట్టే పెట్రోలు స్ప్రేయరు ఉంది. దాని ఇంజనుకు పోసే ఆయిల్ డబ్బా పట్టుకొని నా కంటే ముందు ఆయనే వీధి దాటాడు.

పెరట్లో మూత ఎక్కడుందో చూపించాను. ఆయన వంగి నింపాడు. మౌఢ్యమి ఊసెత్తలేదు. ఆగమన్న సామి తానే తాడు పట్టుకొని నిలబడి ఉంటే, వింతగా కూడా చూడలేదు. నాన్న కాలు దిమ్మెకు తన్నిపెట్టి, గుడి గంట లాగి లాగి గట్టిపడిన చేత్తో ఒక్క లాగు లాగాడు.

మోగింది.

నేను హాల్లోకి పరుగు. ఇన్వర్టరు కీచుమనడం అప్పుడే ఆగిపోయింది. పిడి కిందికి వేశాను. అమ్మ మిషను ఒకసారి కూతపెట్టి గుర్రుమనడం మొదలుపెట్టింది. గొట్టంలోకి గాలి వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకుని పీల్చింది, మెల్లగా బుగ్గల్లోకి రంగు వచ్చింది. నేను చప్పట్లు కొడుతూ ఏడ్చాను. పెరటి చివరి నుంచి వచ్చే ఆ చప్పుడు కన్నా మంచి సంగీతం నేను వినలేదు. అమ్మ చెయ్యి ఊపి, ఫ్యాను కూడా వెయ్యవే, నీ లెక్కలో ఫ్యాను ఉంది కదా అంది.

నేను తిరిగి పెరట్లోకి వెళ్ళేసరికి ఆదినారాయణ డబ్బా మూత బిగిస్తున్నాడు. నాన్న ఆయన్నే చూస్తున్నాడు. చప్పుడులో గట్టిగా అడగాల్సి వచ్చింది.

"మీయమ్మ యాడుంది?"

"షెడ్డులో ఉంది సామీ."

 ఆ సాయంత్రం కరెంటు వచ్చేదాకా నాన్న జనరేటరు పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. వీధి వీధంతా విన్నది. విననీ అన్నట్టే కూర్చున్నాడు.

మర్నాడు తెల్లవారగానే స్నానం చేసి, కొబ్బరికాయ, పాలచెంబు తీసుకొని ఎదురింటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. ఆదినారాయణ చీపురు వదిలేసి ఎదురు వచ్చాడు.

"మీయమ్మను ముందు ఇంట్లోకి తీసకపో. పాలు పొంగియ్. శ్రావణంలో మంచి రోజు చూసి గృహప్రవేశం నేనే వచ్చి చేస్తా."

ఆదినారాయణ కదల్లేదు. "మౌఢ్యమి గదా సామీ?" అన్నాడు.

"మౌఢ్యమి శుక్రునికప్పా. మీయమ్మకు గాదు."

తాళం చెవి తిరగడానికి కొంచెం మొరాయించింది. అవ్వను మంచంతో సహా మోసుకొని లోపలికి తీసుకువెళ్ళారు. కొత్త ఫ్యాను కింద పెట్టి స్విచ్చు వేశారు. పాలు పొంగుతుంటే, మా కిటికీలోంచి అమ్మ, గొట్టం ముక్కుకు అట్లాగే ఉంచుకొని, అక్షింతలు ఈ వైపు నుంచి చల్లితే అందుతాయా అని ఫోన్లో అడిగింది. నా మనసు మాత్రం మా పెరట్లోనే ఉంది. ఇప్పుడైనా కరెంటు పోతే ఈసారి తాడు నేనే లాగాలని నా ఆశ. ఆ రోజు చీకటి పడేదాకా ఒక్కసారి కూడా పోలేదు.